మొదటిసారి హిట్ క్లాసుకి వెళ్తున్నారా? రెండోసారి కూడా వెళ్ళగలిగేలా చేయండి

హిట్ వ్యాయామం క్లాసులో మొదటి రోజు ఒంట్లో ఉన్న శక్తంతా ఖర్చుపెట్టేసి, తర్వాత మూడు రోజులు గోడ పట్టుకుని మెట్లు దిగి, "ఇది మనవల్ల అయ్యే పని కాదులే" అని మళ్ళీ ఆ వైపు వెళ్ళని వాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళకి బలం లేక కాదు, పట్టుదల లేక అసలే కాదు. మొదటి రోజు ఎంత చేస్తే చాలో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. అది చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే సరిగ్గా మొదలుపెడితే గుండెకీ ఊపిరితిత్తులకీ కండరాలకీ ఒకేసారి, తక్కువ సమయంలో ఇంత పని చెప్పే వ్యాయామం ఇంకోటి దొరకడం కష్టం. అందుకే ఇక్కడ రాసేదంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది: మొదటి క్లాసు ఎలా చేయాలంటే, రెండో క్లాసుకి వెళ్ళాలనిపించాలి, వెళ్ళడానికి ఒళ్ళు సహకరించాలి.

హిట్ అంటే హై ఇంటెన్సిటీ ఇంటర్వల్ ట్రైనింగ్. కాసేపు గట్టిగా చేస్తారు, కాసేపు ఆగుతారు, మళ్ళీ చేస్తారు. ఇది కొత్త ఫ్యాషనేమీ కాదు. చెకోస్లోవేకియా రన్నర్ ఎమిల్ జాటోపెక్ 400 మీటర్లు వేగంగా పరిగెత్తి, మధ్యలో మెల్లగా జాగింగ్ చేసి, మళ్ళీ వేగంగా పరిగెత్తే పద్ధతిలోనే సాధన చేసేవాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5000 మీటర్లు, 10000 మీటర్లు, మారథాన్ మూడింటిలోనూ గోల్డ్ గెలిచాడు. ఈరోజు ప్రతి క్లాసులో వినపడే తబాతా అన్న మాట జపాన్ పరిశోధకుడు ఇజుమి తబాతా పేరు. 1996లో ఆయన బృందం ప్రచురించిన అధ్యయనంలో 20 సెకన్లు సైకిల్ తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఏడెనిమిది రౌండ్లు చేయించారు. ఇక్కడ ఒకటి గమనించండి. ఆ పని చేసినవాళ్ళు అప్పటికే క్రీడల్లో ఉన్న కుర్రాళ్ళు, ఆ వేగం కూడా చివరి రౌండ్‌కి ఇక కాళ్ళు తిరగనంత తీవ్రం. మీ క్లాసు బోర్డు మీద తబాతా అని రాసి ఉన్నంత మాత్రాన మీరు ఆ స్థాయిలో చేయాలని ఎక్కడా లేదు. టైమర్ ఒకటే, తీవ్రత మాత్రం మీ చేతిలో ఉంది.

బోర్డు మీద ఇంకో రెండు మాటలు కనిపిస్తాయి. ఈమామ్ అంటే ప్రతి నిమిషం మొదట్లో చెప్పినన్ని చేసేసి, ఆ నిమిషంలో మిగిలిన టైమంతా రెస్ట్ తీసుకోవడం. ఆమ్‌రాప్ అంటే ఇచ్చిన టైములో ఎన్ని రౌండ్లు వీలైతే అన్ని. నా ఉద్దేశంలో కొత్తవాళ్ళకి ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఈ రెండోదే, ఎందుకంటే అందులో రెస్ట్ ఎప్పుడో ఎవరూ చెప్పరు, మీరే తీసుకోవాలి, పక్కన అందరూ కదులుతుంటే ఆగడానికి మనసొప్పదు. ఆమ్‌రాప్ వస్తే ముందే నిర్ణయించుకోండి: ఒక రౌండ్ అవగానే అర నిమిషం ఆగుతాను, ఎవరు ఏ రౌండ్‌లో ఉన్నా సరే.

ముందు తేల్చుకోవాల్సినవి

క్లాసు బుక్ చేసేముందు ఫోన్ చేసి నాలుగు మాటలు అడగండి. కొత్తవాళ్ళ కోసం విడిగా క్లాసు ఉందా, ఒక కోచ్‌కి ఎంతమంది ఉంటారు, ప్రతి ఎక్సర్‌సైజ్‌కీ తేలిక పద్ధతి చూపిస్తారా, మొత్తం ఎంతసేపు. చివరిదానికి సాధారణంగా 45 నిమిషాలో గంటో అంటారు, అందులో మొదట ఒళ్ళు వేడెక్కించే వార్మప్, చివర్లో మెల్లగా నెమ్మదించే కూల్‌డౌన్, ఎలా చేయాలో చూపించడం పోను నిజంగా గట్టిగా చేసేది చాలా క్లాసుల్లో సగం కంటే ఎక్కువ ఉండదు. స్కోర్లు రాసే రోజు, ఛాలెంజ్ రోజు, జట్లుగా పోటీపడే రోజు మొదటిసారి వెళ్ళకండి. పోటీ మంచిదే, కానీ ఎంత చేయగలరో మీకే తెలియనప్పుడు కాదు.

ఆరోగ్యం సంగతి. చాలా జిమ్‌లు చేరేటప్పుడు పార్‌క్యూ అనే చిన్న ఫారం ఇస్తాయి, అందులో గుండె జబ్బు ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్ళు తిరిగి పడిపోయారా, ఎముకల సమస్యలున్నాయా లాంటి ప్రశ్నలుంటాయి. చూడకుండా అన్నిటికీ లేదు అని టిక్ పెట్టేయకండి, దయచేసి చదివి నింపండి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, కిడ్నీ సమస్య, ఇన్సులిన్ తీసుకునే షుగర్, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి చనిపోవడం, గర్భం, ఈమధ్యే ప్రసవం లేదా ఆపరేషన్, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్‌తో మాట్లాడండి. "వ్యాయామం చేయొచ్చా" అని అడిగితే డాక్టర్ మామూలుగా చేయమనే అంటారు. "గుండె బాగా వేగంగా కొట్టుకునేంత గట్టిగా, ఎగురుతూ, బరువులెత్తుతూ చేసే క్లాసు" అని విడమరిచి చెప్పండి, అప్పుడు సరైన జవాబు వస్తుంది. బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్ళకి గుండె వేగం మామూలుగా పెరగదు, అందుకని వాచీలో అంకె తక్కువగా ఉందని ఇంకా గట్టిగా చేయకూడదు. ఆస్తమా ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్‌ని బ్యాగులో కాదు, చేతికందే చోట పెట్టుకోవాలి. జ్వరం ఉన్నా, ఒళ్ళునొప్పులతో వైరల్ ఏదైనా ఉన్నా ఆ రోజు మానేయండి, డబ్బు కట్టేశాం కదా అని వెళ్ళకండి. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు గుండెని అంతగా పరిగెత్తించడం ప్రమాదం.

చాలా ఏళ్ళుగా ఏ వ్యాయామమూ లేనివాళ్ళు నేరుగా హిట్‌కి రాకుండా రెండు మూడు వారాలు వేగంగా నడవండి. కుర్చీ అంచు దాకా కూర్చుని లేవడం, గోడకి చేతులాన్చి పుషప్స్, మోకాళ్ళ మీద ప్లాంక్ (మోచేతులాన్చి ఒంటిని పలకలా తిన్నగా ఉంచడం) ఇంట్లో రోజు విడిచి రోజు చేయండి. క్లాసులో వచ్చే కదలికల్లో చాలావాటికి మూలం ఇవే. మోకాళ్ళకీ, మడమల వెనక స్నాయువులకీ (టెండన్లకీ) ముందే కాస్త అలవాటైతే మొదటి రోజు ఎగిరినప్పుడు అవి అంతగా ఎదురుతిరగవు.

బట్టల గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు, వంగినా ఎగిరినా ఇబ్బంది లేనివి చాలు. ఆడవాళ్ళకి మాత్రం గట్టిగా పట్టుండే స్పోర్ట్స్ బ్రా తప్పనిసరి. బూట్ల గురించి ఆలోచించాలి. మందపాటి మెత్తటి మడమ ఉన్న రన్నింగ్ షూస్ ముందుకి పరిగెత్తడానికి తయారైనవి, అవి వేసుకుని పక్కకి గెంతితే చీలమండ మెలికపడే అవకాశం ఎక్కువ, బరువు ఎత్తేటప్పుడు కూడా కాలు నిలకడగా ఉండదు. అడుగు చదునుగా, పక్కల గట్టిగా ఉండే ట్రైనింగ్ షూస్ మంచివి. ఒక్క క్లాసు కోసం కొనక్కర్లేదు, ఇంట్లో ఉన్నవాటిలో అడుగు పల్చగా ఉన్న జత తీసుకెళ్ళండి. భోజనానికీ క్లాసుకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. అంత వ్యవధి లేకపోతే ముప్పావుగంట ముందు ఒక పండు తినండి, ఖాళీ కడుపుతో మాత్రం మొదటి క్లాసు వద్దు. అలవాటు లేని ఎనర్జీ డ్రింక్ తాగి వెళ్ళకండి. నొప్పులు వస్తాయేమోనని ముందుజాగ్రత్తగా నొప్పి మాత్ర వేసుకుని వెళ్ళడం ఇంకా పెద్ద తప్పు: ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీల మీద భారం వేస్తాయి, పైగా ఆగమని చెప్పే నొప్పి తెలియకుండా పోతుంది.

క్లాసులో

పావుగంట ముందు వెళ్ళండి. కోచ్ దగ్గరికి వెళ్ళి మూడు విషయాలు చెప్పండి: ఇది నా మొదటి క్లాసు, నాకు ఫలానా చోట నొప్పి ఉంది, ఫలానాది చేయలేను. ప్రసవం తర్వాత, లేదా వయసు పెరిగాక, ఎగిరినప్పుడు మూత్రం చుక్కలుగా పడటం చాలామంది ఆడవాళ్ళకి ఉంటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు గానీ ఎందుకు మాట్లాడకూడదో నాకు అర్థం కాదు. "నేను ఎగిరేవి చేయను, బదులుగా ఏదైనా చెప్పండి" అంటే సరిపోతుంది, కారణం వివరించాల్సిన పని లేదు. ఆ సమస్యకి ఫిజియోథెరపీలో మంచి ఎక్సర్‌సైజులు కూడా ఉన్నాయి, అడగండి.

ఎక్కడ నిలబడాలి? చాలామంది సిగ్గుపడి వెనక మూలకి పోతారు. అక్కడి నుంచి కోచ్ కనిపించరు, కోచ్‌కి మీరు కనిపించరు, అందరూ వెనక్కి తిరిగే ఎక్సర్‌సైజ్ వస్తే మీరే మొదటి వరసలో ఉంటారు. మధ్య వరసలో ఒక పక్కగా నిలబడండి. ఎటు తిరిగినా చూసి చేయడానికి ముందు ఎవరో ఒకరుంటారు.

వార్మప్‌ని తేలిగ్గా తీసుకోకండి, కానీ అందులోనే అలిసిపోకండి కూడా. అసలు పరీక్ష మొదటి రౌండ్‌లో ఉంటుంది. పాటల హోరు, అరుస్తున్న కోచ్, పక్కన దూసుకుపోతున్న జనం, ఇంకా అలుపు తెలియని ఒళ్ళు, ఇవన్నీ కలిసి మీ చేత మొదటి రెండు నిమిషాల్లోనే అంతా చేయించేస్తాయి. గట్టిగా చేసినప్పుడు ఊపిరి, గుండె వేగం ఆ పనికి తగ్గట్టు పెరగడానికి కొంచెం టైం పడుతుంది, అందుకే మొదటి అర నిమిషం ఎప్పుడూ "అబ్బే, తేలికే" అనిపిస్తుంది. నమ్మకండి. పదికి ఆరు అనుకునే శ్రమతో మొదలుపెట్టి, ఏడు దగ్గర ఉండి, చివరి రౌండ్‌లో ఒంట్లో మిగిలి ఉంటే ఎనిమిదికి వెళ్ళండి. ఆ రోజుకి తొమ్మిది, పది మీవి కావు.

ఈ అంకెల పద్ధతి సరదాకి చెప్పింది కాదు. స్వీడన్ సైకాలజిస్ట్ గున్నర్ బోర్గ్ శ్రమని మనిషి తనకి తాను ఎలా అంచనా వేసుకోవచ్చో చూపిస్తూ 6 నుంచి 20 దాకా ఒక స్కేల్ తయారుచేశారు, తర్వాత పది అంకెల స్కేల్ కూడా వచ్చింది, డాక్టర్లూ కోచ్‌లూ ఇప్పటికీ వాడుతున్నారు. ఇంకా తేలికైన పద్ధతి మాట్లాడి చూడటం. పూర్తి వాక్యం చెప్పగలిగితే మీరు మధ్యస్థంగా చేస్తున్నట్టు. మూడు నాలుగు మాటలకి ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టిగా చేస్తున్నట్టు, మొదటి క్లాసుకి ఇదే హద్దు. ఒక్క మాట కూడా రాకపోతే తగ్గించాలి. వాచీ ఉంటే చూసుకోండి గానీ దాన్ని పట్టుకు వేలాడకండి, 220 లోంచి వయసు తీసేస్తే వచ్చే గరిష్ఠ గుండె వేగం సగటు లెక్క మాత్రమే, మనిషి మనిషికీ పదీ పన్నెండు బీట్లు అటూ ఇటూ ఉండటం మామూలు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది: తగ్గించుకోవడం ఎలాగో తెలియడం. కోచ్‌లు దీన్ని మాడిఫికేషన్ అనో స్కేలింగ్ అనో అంటారు. ఏది ముందు తగ్గించాలంటే, మొదట ఎగరడం తీసేయండి, తర్వాత వేగం, తర్వాత బరువు, ఆ తర్వాత ఎంత లోతుకి వంగుతున్నారో అది. జంపింగ్ జాక్ (కాళ్ళు పక్కకి చాపుతూ, చేతులెత్తుతూ ఎగరడం) బదులు ఒక్కో కాలు పక్కకి పెట్టి తీయండి. పెట్టె మీదకి గెంతే బదులు మెట్టెక్కినట్టు ఎక్కి దిగండి. అలిసిపోయిన కాళ్ళతో గెంతి అంచు తగిలి మోకాలి కింద చర్మం చీల్చుకునేవాళ్ళు ఉన్నారు. పుషప్ రాకపోతే మోకాళ్ళ మీద కంటే బెంచీ మీద చేతులాన్చి చేయడం నాకు మంచిదనిపిస్తుంది, ఎందుకంటే ఒళ్ళంతా తిన్నగా ఉంచడం అందులో అలవాటవుతుంది, రోజులు గడిచేకొద్దీ బెంచీ ఎత్తు తగ్గించుకుంటూ నేలకి రావచ్చు. మౌంటెన్ క్లైంబర్‌లో, అంటే పుషప్ భంగిమలో ఉండి మోకాళ్ళని పరిగెత్తినట్టు ఛాతీ వైపు తెచ్చే దాంట్లో, ఒక్కో మోకాలు మెల్లగా తెచ్చి పెట్టండి. కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న ఇనుప గుండు) స్వింగ్ మాత్రం మొదటి రోజు కోచ్ పక్కన నిలబడి చూపిస్తేనే చేయండి. అది చేతులతో ఎత్తేది కాదు, తుంటి దగ్గర వంగి, తుంటిని ముందుకి తోస్తే వచ్చే ఊపు, నడుము వంచి చేస్తే మర్నాడు తెలుస్తుంది.

ఇక బర్పీ. అందరికీ భయం దీనంటేనే. అమెరికాలో రాయల్ బర్పీ అనే ఆయన 1930లలో మనుషుల ఫిట్‌నెస్ కొలవడానికి దీన్ని తయారుచేశారు. ఆయన చేయించిన దాంట్లో పుషప్ లేదు, పైకి గెంతడం లేదు: కిందికి కూర్చో, కాళ్ళు వెనక్కి చాచు, మళ్ళీ ముందుకి తెచ్చుకో, లేచి నిలబడు, అంతే, అది కూడా కొద్దిసార్లే. మిగతావన్నీ తర్వాత చేర్చినవి. కాబట్టి మీరు పుషప్ వదిలేసి, కాళ్ళు ఒక్కొక్కటిగా వెనక్కి పెట్టి, ఒక్కొక్కటిగా ముందుకి తెచ్చుకుని, గెంతకుండా లేచి నిలబడితే, అసలు బర్పీకి మిగతావాళ్ళకంటే మీరే దగ్గరగా ఉన్నారు.

మీ ఫామ్, అంటే చేసే తీరు, చెడుతోందని ఎలా తెలుస్తుంది? స్క్వాట్‌లో (గుంజీలా కూర్చుని లేవడంలో) మోకాళ్ళు లోపలికి వాలుతుంటే, ప్లాంక్‌లో నడుము కిందికి జారుతుంటే, దిగినప్పుడు పాదాలు దబ్బున చప్పుడు చేస్తుంటే, ఊపిరి బిగపట్టి చేస్తుంటే, అక్కడితో ఆ సెట్ అయిపోయినట్టే. టైమర్‌లో ఇంకా పది సెకన్లు ఉండొచ్చు. ఆగండి. కోచ్ "ఇంకొక్కటి!" అని అరుస్తారు, అది గదిలో అందరి కోసం అన్నమాట, మీ ఒంటి సంగతి ఆ క్షణంలో మీకే బాగా తెలుసు. ఆగినందుకు మందలించే కోచ్ ఉంటే క్లాసు మార్చండి, నేనైతే రెండో ఆలోచన పెట్టుకోను.

ఆయాసం, చెమట, తొడల్లో మంట, ఇవన్నీ మామూలే. ఛాతీలో బిగుతు లేదా నొప్పి, అది చేతికో దవడకో పాకడం, కళ్ళు తిరగడం, గుండె గతి తప్పి కొట్టుకోవడం, శ్రమకి మించిన ఆయాసం, ఏ కీలులోనైనా పొడిచినట్టు నొప్పి, ఇవి మామూలు కాదు. వెంటనే ఆపి కోచ్‌ని పిలవండి. ఛాతీ నొప్పి తగ్గకపోతే అంబులెన్స్, ఇంటికెళ్ళి చూద్దాం అనుకోకండి. వాంతి వచ్చేలా ఉంటే కూడా అది గొప్ప కాదు, ఎక్కువ చేశారని అర్థం. ఉత్త అలుపైతే మాత్రం ఉన్నపళంగా నేల మీద పడిపోకుండా అటూ ఇటూ నడవండి.

కూల్‌డౌన్ మొదలవగానే బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్ళతో పోకండి. గట్టిగా చేస్తున్నప్పుడు కాళ్ళలో రక్తనాళాలు బాగా తెరుచుకుని ఉంటాయి, కదిలే కండరాలే ఆ రక్తాన్ని పైకి తోస్తుంటాయి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి, బీపీ పడిపోయి, కళ్ళు తిరుగుతాయి. బాత్రూంలో వేడి నీళ్ళ కింద నిలబడ్డప్పుడు పడిపోయేది ఇందుకే. ఐదు నిమిషాలు మెల్లగా నడిచాక వెళ్ళండి.

తర్వాతి మూడు రోజులు

నొప్పులు ఆ రోజు కాదు, మర్నాడు మొదలవుతాయి, రెండో రోజుకో మూడో రోజుకో బాగా ఎక్కువై తర్వాత తగ్గుతాయి. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని ఇప్పటికీ చెప్తుంటారు గానీ అది నిజం కాదు, లాక్టేట్ వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలోపే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. అలవాటు లేని పనికి, ముఖ్యంగా కండరం సాగుతూ బరువు మోసినప్పుడు, అంటే స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు, గెంతి నేలకి దిగేటప్పుడు, కండరంలో వచ్చే సూక్ష్మమైన దెబ్బల వల్ల ఆ నొప్పి. మంచి విషయం ఏంటంటే అదే పని మళ్ళీ చేసినప్పుడు నొప్పి చాలా తక్కువగా ఉంటుంది, ఒక్కసారితోనే కండరం తనని తాను సర్దుకుంటుంది. మొదటి రోజు తక్కువ చేసినా ఈ లాభం వస్తుంది. పడుకుని ఉండకండి, మామూలుగా నడవండి, బాగా తినండి, నిద్రపోండి.

ఒక్క హెచ్చరిక మాత్రం గుర్తుపెట్టుకోండి. మూత్రం కోలా రంగులోనో ముదురు గోధుమ రంగులోనో వస్తే, కండరాలు వాచి గట్టిపడి భరించలేనంత నొప్పి ఉంటే, చేయి మడవలేనంత బలహీనంగా ఉంటే, అది రాబ్డోమయోలిసిస్ కావచ్చు. కండర కణాలు దెబ్బతిని పగిలి అందులోని పదార్థాలు రక్తంలోకి వచ్చి కిడ్నీలని దెబ్బతీసే పరిస్థితి. అరుదే, కానీ మొదటిసారి వచ్చి శక్తికి మించి చేసినవాళ్ళలో కనిపిస్తుంది, బాగా ఫిట్‌గా ఉండి కొత్త రకం క్లాసుకి వెళ్ళినవాళ్ళలో కూడా. అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళి, ఏం చేశారో చెప్పి, రక్తపరీక్ష చేయించుకోండి. నీళ్ళు ఎక్కువ తాగితే పోతుందని ఇంట్లో కూర్చోకండి.

రెండో క్లాసు కనీసం రెండు రోజులు ఆగి, వారానికి రెండు చొప్పున ఓ నెల. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకి చెప్పిన లెక్క వారానికి 75 నుంచి 150 నిమిషాల తీవ్రమైన వ్యాయామం, లేదా 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా రెండూ కలిపి. దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకి పని. రెండు క్లాసులూ, మిగతా రోజుల్లో వేగంగా నడకా ఉంటే మీరు అక్కడికి చేరినట్టే, రోజూ హిట్ చేయాల్సిన అవసరం లేదు. రెండో క్లాసుకి వెళ్ళినప్పుడు మొదటి రోజు చేసినవాటిలో ఒక్కటి మాత్రమే పెంచండి. బరువు పెంచితే వేగం అలాగే ఉంచండి, గెంతడం మొదలుపెడితే ఒక్క ఎక్సర్‌సైజ్‌లోనే, అది కూడా మొదటి రెండు రౌండ్లలో, కాళ్ళు ఇంకా తాజాగా ఉన్నప్పుడు.